మందు తాగినవాళ్లు, మందు కొట్టినవాళ్లు, పక్క చేలో ఉన్నవాళ్లు

మూడేళ్ల కిందటి ఆగస్టు చివరి వారం. నేను అప్పుడు నల్లగొండ జిల్లా పడమటి వైపు, దేవరకొండ ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిని. ఓపీ ముగించుకుని చేతులు కడుక్కుంటుండగా ట్రాలీ ఆటో ఒకటి ఆవరణలోకి వచ్చి ఆగింది. అందులో నలుగురు ఆడకూలీలు. ముగ్గురు ఒకరినొకరు పట్టుకుని నడిచారు. నాలుగో ఆమెను డ్రైవరూ ఇంకొకతనూ చెరో రెక్క పట్టుకుని దించారు. పత్తి చేలో కలుపు తీస్తుంటే కళ్లు తిరిగాయట, వాంతులయ్యాయట. దారిలో ఆర్‌ఎంపీ దగ్గర ఆగి సెలైన్ పెట్టించుకున్నారు. ఇద్దరి మోచేతుల దగ్గర దూది, టేపు ఇంకా అతుక్కునే ఉన్నాయి. ఆయన వడదెబ్బ అని చెప్పాడట.

ఆయనను తప్పుపట్టను. వాన వెలిసి ఎండ కాసిన రోజు అది, చేలన్నీ ఆవిరి కక్కుతున్నాయి. మొదట నేనూ అదే అనుకున్నాను. కానీ వడదెబ్బ తగిలిన మనిషికి నోరు పిడచకట్టుకుపోతుంది. ఈ నాలుగో ఆమెకు పెదవి అంచు నుంచి చొంగ కారుతూనే ఉంది, కొంగు తడిసి ముద్దయింది. టార్చి వేసి చూస్తే కంటిపాపలు ఆవగింజంత ఉన్నాయి. ఆ గదిలో వెలుతురు తక్కువ, పాపలు బాగా విచ్చుకుని ఉండాలి. తొడ మీద చర్మం కింద కండ సన్నగా అదురుతోంది. మిగిలిన ముగ్గురికి ఇంత లేదు, తలనొప్పి, వికారం, చెమట. అయితే నలుగురూ ఒకే మాట అన్నారు: ముఖం మండుతోందని.

"ఎలా మండుతోందమ్మా?"

"మిరపకాయలు దంచినప్పుడు చెయ్యి మండినట్టు ఒకటే మంట సారూ. మధ్యమధ్య చీమలు పాకినట్టుంటుంది."

ఆ మాట నాకు దారి చూపింది. ఆవగింజంత కంటిపాప, చొంగ, కండ అదురు ఆర్గనోఫాస్ఫేట్ జాతి పురుగుమందు లక్షణాలు. ముఖం మీద చీమలు పాకడం సింథటిక్ పైరిథ్రాయిడ్‌లనే మరో జాతి పురుగుమందుల పని. రెండూ ఒకేసారి కనిపిస్తే రెండూ కలిపి అమ్మే మందేదో అయి ఉండాలి. కానీ "మందు కొట్టారా?" అని అడిగితే నలుగురూ అడ్డంగా తల ఊపారు. రెండోసారి అడిగినా అదే జవాబు. వాళ్లు నిజమే చెప్పారు, ప్రశ్నే తప్పు. "పక్కన ఎవరైనా కొడుతున్నారా?" అని మా ఏఎన్‌ఎం అడిగింది. అప్పుడు, "అవునక్కా, పక్క చేలో తైవాన్ పంపుతో కొడుతున్నారు, పొగ మంచులా మా మీదికే వచ్చింది" అన్నారు. తైవాన్ పంపంటే వీపుకు తగిలించుకునే మోటారు స్ప్రేయరు.

చికిత్స సంగతి తొందరగా చెప్పేస్తాను. ముందు బట్టలు మార్పించి, తల వెంట్రుకలతో సహా సబ్బుతో స్నానం చేయించాం. దీనికి మందూ మాకూ అక్కర్లేదు, రెండు బకెట్ల నీళ్లు చాలు. అయినా చాలాచోట్ల సూది తర్వాతే ఇది గుర్తొస్తుంది. చర్మం మీద ఉన్నంతసేపు ఆ మందు ఒంట్లోకి దిగుతూనే ఉంటుంది. నాలుగో ఆమెకు విరుగుడు మందు అట్రోపిన్ మొదలుపెట్టాం. మన దగ్గర దొరికే ఆంపూల్‌లో 0.6 మిల్లీగ్రాములే ఉంటుంది కాబట్టి ఒకేసారి మూడు విరిచి ఇచ్చాం. అయిదు నిమిషాలకోసారి ఊపిరితిత్తుల చప్పుడు వింటూ, చంకలో తడి ఆరిందేమో చూస్తూ మోతాదు పెంచుకుంటూ పోయి, 108లో పెద్దాసుపత్రికి పంపాం. నలుగురూ కోలుకున్నారు.

నన్ను కలవరపెట్టింది వేరే. కొట్టిన మందు పేరు తెలుసుకోవడానికి నాలుగు గంటలు పట్టింది. ఆ చేను కౌలుది, పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడు. కౌలు రైతు ఫోను ఇంట్లో పెట్టి ఎరువుల కోసం వెళ్లాడు. పంపు కొట్టినతను ఆ చేను ముగించుకుని ఇంకో ఊరు పోయాడు. దుకాణంలో ఉద్దెర పుస్తకం ఉంది, బిల్లు లేదు. చివరికి ఆశా కార్యకర్త భర్త చేను గట్టున పడేసిన సీసా ఏరుకొచ్చాడు. దాని మీద విష తీవ్రతను చెప్పే పసుపు రంగు ముక్కోణం, ప్రొఫెనోఫాస్ 40 శాతం, సైపర్‌మెత్రిన్ 4 శాతం. మొదటిది ఆర్గనోఫాస్ఫేట్, రెండోది పైరిథ్రాయిడ్. కాయతొలిచే పురుగుకు పత్తి మీద విరివిగా కొట్టే మందు.

ఊహ సరిపోయింది కాబట్టి సరిపోయింది. ఆర్గనోఫాస్ఫేట్ అయితే అట్రోపిన్‌తోపాటు ప్రాలిడాక్సిమ్ అనే మరో విరుగుడు గురించి ఆలోచించాలి, కార్బమేట్ అనే ఇంకో జాతి మందు అయితే దాని అవసరం అంతగా ఉండదు. అదే కలుపుమందు పారాక్వాట్ అయితే విరుగుడే లేదు, పైగా ఆయాసపడుతున్నాడు కదా అని ధారాళంగా ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయి. పేరు తెలియని మందుకు వైద్యం చేయడమంటే చీకట్లో సూదిలో దారం ఎక్కించడమే.

మరునాడు ఆ చేనుకు వెళ్లాను. పడమటి గాలి కాలం. మందు కొట్టిన చేను పడమర, కలుపు తీసిన చేను తూర్పు. మధ్యలో రెండడుగుల గట్టు. పొద్దున్నే గాలి తక్కువగా ఉన్నప్పుడు కొట్టాల్సింది పదకొండింటికి కొట్టారు, పంపు అప్పుడే దొరికింది కాబట్టి. పంపు మనిషికి కూలి ట్యాంకు లెక్కన ఇస్తారు. ఎన్ని ట్యాంకులు దించితే అన్ని డబ్బులు, గాలి తగ్గేదాకా చెట్టు కింద కూర్చుంటే అతనికి ఏమీ రాదు. కూలీల అయిదు లీటర్ల నీళ్ల డబ్బా ఆ గట్టు మీదే ఉంది. నూనె మందును నీళ్లలో కలిపితే పాలలా తెల్లబడుతుందని రైతులకందరికీ తెలుసు. డబ్బా మూత మీద ఆ తెల్లటి చుక్కలు ఎండి గరగరలాడుతున్నాయి. ఆ నీళ్లే నలుగురూ తాగారు. ఎక్కువ తాగింది నాలుగో ఆమె.

సాయంత్రం రిజిస్టరులో ఈ నలుగురినీ ఎలా రాయాలో తోచలేదు. మా రిజిస్టరులో "పాయిజనింగ్" అన్న ఒక్క మాట ఉంటుంది. పాత సంవత్సరాలవి తిరగేస్తే అంతా అదే మాట. ఉరి పెట్టుకోబోయి ఆగి డబ్బా ఎత్తినవాడూ, పొద్దంతా పంపు మోసి రాత్రి వాంతులు చేసుకున్నవాడూ, గట్టు అవతల కలుపు తీసుకుంటున్న ఈ ఆడవాళ్లూ ఒకే గడిలో. పైగా మన భాషలో చిక్కు ఇంకొకటుంది. జ్వరానికి వేసుకునేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, సారా కొట్టులో తాగేదీ మందే. "మందు కేసు" అంటే ఊళ్లో వాళ్లు మొదట అనుకునేది మందు తాగిన కేసనే. విషప్రయోగం కింద వస్తుంది కాబట్టి మెడికో లీగల్ అవుతుంది, పోలీసులకు కబురు వెళుతుంది. నాలుగో ఆమె భర్త నా చేతులు పట్టుకున్నాడు. "కేసు రాయొద్దు సారూ. నా భార్య మందు తాగలేదు. తాగిందని రాస్తే రేపు మా ఇంటికి ఎవరూ పిల్లనివ్వరు."

పంపు కొట్టేవాళ్లు మా దగ్గరికి ఎందుకు రారో నాకు అప్పుడు అర్థమైంది. రాత్రి చింతపండు పులుసు తాగి, మజ్జిగ తాగి, తెల్లవారి ఆర్‌ఎంపీ సెలైన్‌తో సరిపెట్టుకుంటారు. లెక్కలోకి రారు.

అంతర్జాతీయ రోగ వర్గీకరణలో ఈ తేడా ఎప్పటి నుంచో ఉంది. దాని పదో కూర్పులో (ఐసీడీ-10) పురుగుమందు ప్రమాదవశాత్తూ సోకితే కోడ్ ఎక్స్48, కావాలని తీసుకుంటే ఎక్స్68. మన 1968 పురుగుమందుల చట్టంలో 26వ సెక్షన్ ఉంది. మందు వాడకం వల్ల జరిగిన విషప్రభావ ఘటనలన్నీ ఫలానా అధికారికి తెలపాలని రాష్ట్ర ప్రభుత్వం ఏ వర్గం వారినైనా కోరవచ్చు. ఆ సమాచారం అందితే 27వ సెక్షన్ కింద ఒక మందు అమ్మకాన్ని అరవై రోజుల దాకా ఆపి విచారించే వీలుంది. అంటే పల్లె ఆసుపత్రి రిజిస్టరులో గడి సరిగా లేకపోతే ఆ పైన కట్టిన గొలుసంతా వేలాడుతూ ఉంటుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొట్టిన రైతులు, కూలీలు ఇరవైమందికి పైగా చనిపోయినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. అంతమంది ఒకే సీజన్‌లో ఒకే ప్రాంతంలో ఆసుపత్రుల పాలయ్యారు కాబట్టి తెలిసింది. ఊరికొకరు, వారానికొకరు చొప్పున అయితే ఎవరికీ తెలియదు.

నేను మొదట చేసింది చిన్న పని. స్కేలు పెట్టి రిజిస్టరులో మూడు గళ్లు గీశాను: తాగిన, కొట్టిన, పక్కన ఉన్న. నాలుగో గడి మందు పేరు కోసం. ఆ నాలుగోది నెలల తరబడి ఖాళీగానే ఉంది. పేరు ఆసుపత్రిలో పుట్టదు, చేలో పుడుతుంది.

వాడకానికి ముందే ఊరికి చెప్పాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. మన 1971 పురుగుమందుల నిబంధనల్లో 43వది విమానాల నుంచి మందు చల్లే పనికి సంబంధించినది. అలా చల్లేముందు కనీసం 24 గంటల ముందు ప్రజలకు తెలియజేయాలని అందులో రాసి ఉంది. పైనుంచి చల్లితే చెప్పాలి. నేల మీద నిలబడి మనిషి ఎత్తున కొడితే చెప్పనక్కర్లేదు. గట్టు అవతల మనిషికి రెండింటిలో ఏది దగ్గరో చూసినవాళ్లకు తెలుస్తుంది. అమ్మకం లెక్కలైతే మన దగ్గరా ఉన్నాయి. దుకాణాలు స్టాకు రిజిస్టరు రాస్తాయి, కేంద్రం రాష్ట్రాలవారీగా ఏటా ఎన్ని టన్నులు వాడారో ప్రకటిస్తుంది. ఏ చేలో, ఏ రోజు అన్నది ఎక్కడా ఉండదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1990 నుంచి సాగులో కొట్టే ప్రతి మందుకూ తేదీ, స్థలం, మోతాదుతో నెలనెలా కౌంటీ వ్యవసాయ కమిషనరుకు లెక్క ఇప్పిస్తోంది. 2025 మార్చి నుంచి కొన్ని ప్రమాదకరమైన మందుల విషయంలో కొట్టకముందే ఎవరైనా చూసుకునేలా సమాచారం పెడుతోంది. మాకు కమిషనరు లేడు. ఒక నల్లబల్ల ఉంది.

రైతు వేదికలో సమావేశం పెట్టాం. వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈఓ), పంచాయతీ కార్యదర్శి, ఇద్దరు ఆశాలు, దుకాణదారులు, ఒక ముప్పైమంది దాకా రైతులు. నేను పది నిమిషాలు మాట్లాడాక వెనక నుంచి ఒక పెద్దాయన లేచాడు. "రేపు మందు కొడతానని ఇవాళ బోర్డు మీద రాయమంటారు. పురుగు నోటీసు ఇచ్చి వస్తుందా డాక్టరు గారూ?" అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అయితే ఆ నవ్వు వెనక ఉన్న భయం తర్వాత టీ దగ్గర బయటపడింది. ఎవరి బర్రె చచ్చినా బోర్డు మీద పేరున్నవాడి మీదికి వస్తారు. పక్క చేను వాడితో గట్టు తగాదా ఉంటే అదే సాక్ష్యమవుతుంది. ఆ భయంలో అర్థం లేకపోలేదు.

అందుకని రైతు పేరు వద్దనుకున్నాం. సర్వే నంబరూ వద్దు, అది రెవెన్యూ వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఊళ్లో చేలకు వాడే పేర్లే రాయాలి: గుట్ట పక్క చల్క, చెరువు కింద, బత్తాయి తోట వెనక. దాని పక్కన కొట్టే పూట, ఎప్పటిదాకా ఆ దరికి వెళ్లకూడదో, ఒక రంగు చుక్క. ఎన్నాళ్లు వెళ్లకూడదన్నది చాలా లేబుళ్ల మీద దొరకదు. ఒక రోజు, ఎర్ర చుక్కయితే రెండు రోజులని మేమే పెట్టుకున్నాం.

రంగు చుక్క ఆలోచన మా ఆశాది. సీసా మీద ముక్కోణానికి నాలుగు రంగులు ఉంటాయి కదా, నాలుగు రంగుల సుద్దముక్కలు తెస్తే చదువురాని వాళ్లకూ తెలుస్తుందంది. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు అధిక విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. ప్రయోగశాలలో ఎలుకలను చంపే మోతాదును బట్టి వేసిన రంగులు అవి. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే చంపితే ఎరుపు, 5,000 దాటితే ఆకుపచ్చ. మోనోక్రోటోఫాస్ ఎర్ర చుక్క, క్లోరాంట్రానిలిప్రోల్ పచ్చ చుక్క. ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. రంగులు వివరించానే గానీ అవి వెంటనే జరిగే హాని గురించి మాత్రమే చెబుతాయని గట్టిగా చెప్పలేదు. నెల తిరక్కుండా ఒక రైతు "పచ్చది సారూ, మంచిది" అంటూ ఒట్టి చేతులతో కలుపుతున్నాడు.

బల్లను మొదట పంచాయతీ ఆఫీసు గోడకు తగిలించాం. అక్కడికి వెళ్లేది పింఛను కోసం, సంతకం కోసం. ఎవరూ చూడలేదు. ఇది నల్లగొండ. ఫ్లోరైడు నేల, పొద్దున్నే ఊరంతా క్యాను పట్టుకుని వచ్చేది శుద్ధి నీళ్ల ప్లాంటు దగ్గరికే. బల్ల అక్కడికి మార్చాక జనం చూడటం మొదలైంది.

రాసేదెవరన్నది అంతకన్నా పెద్ద చిక్కయింది. రైతులు రాయలేదు. సరే, అమ్మినప్పుడు దుకాణదారు చెప్పాలనుకున్నాం. కానీ కొన్న రోజే కొట్టరు. వాన పడితే వారం ఆగుతారు, పంపు దొరక్కపోతే ఇంకో రెండు రోజులు. బల్ల మీద రాసినదానికీ చేలో జరిగేదానికీ పొంతన లేకుండా పోయింది. రెండు నెలలు ఇలా గడిచాక పంపుల సంగతి తట్టింది. ఊళ్లో అద్దెకిచ్చే తైవాన్ పంపులు ఆరే. ఎవరు, ఏ చేలో, రేపు ఏ పూట అన్నది ముందురోజు సాయంత్రానికే ఆ ఆరుగురికి తెలుసు, లేకపోతే వాళ్ల వ్యాపారం సాగదు. ఆశా రాత్రి ఎనిమిదింటికి ఆరు ఫోన్లు చేసేది, తెల్లవారి నీళ్లకు వెళ్లినప్పుడు చుక్కలు పెట్టేది. "మాకేమిటి?" అని పంపులవాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నెలకోసారి వాళ్లందరికీ పరీక్ష, ఏ లక్షణం కనిపించినా లైను లేకుండా చూస్తానన్నాను. ఆ మాట నిలబెట్టుకున్నాను. "కొట్టిన" అన్న గడి మొదటిసారి నిండటం మొదలైంది అప్పటి నుంచే.

ఆ ఏడాదే ఒక రాత్రి పంపు మనిషిని తీసుకొచ్చారు, చొంగ, చెమట, చిన్న కంటిపాపలు. ఆశాకు ఫోను చేస్తే పొద్దున పెట్టిన పసుపు చుక్క, మందు పేరు పది నిమిషాల్లో చెప్పింది. సంతోషించేలోపు అతనే చెప్పాడు: ట్యాంకులో పోసింది ఒకటి కాదు, మూడు. దుకాణంలో "కలిపి కొట్టు, మళ్లీ రానక్కర్లేదు" అన్నారట. బల్ల మీద ఒక్క చుక్కే ఉంది. అప్పటి నుంచి కలిపినవన్నిటికీ చుక్కలు పెట్టమన్నాం. కొన్ని చేల పేర్ల పక్కన మూడు నాలుగు చుక్కలు చూసి ఏఈఓ తల పట్టుకున్నాడు. ఒకే పురుగుకు రెండు మందులు, ఆ పురుగు ఆ దశలో లేనే లేదు.

మూడో సీజన్‌లో మేము దాదాపు అంతా పోగొట్టుకున్నాం, తప్పు నాది. ఒకరోజు ఎర్ర చుక్క కనిపించింది, పేరు మోనోక్రోటోఫాస్. కేంద్రం 2023లో దాని 36 ఎస్‌ఎల్ (36 శాతం ద్రావణం) రకాన్ని నిషేధించి, ఉన్న నిల్వలకు గడువు ఇచ్చింది. ఆ గడువు కూడా దాటిపోయింది. నేను కోపం పట్టలేక వ్యవసాయాధికారికి ఫోను చేశాను. తనిఖీ జరిగింది, ఒక దుకాణం కొన్నాళ్లు మూతపడింది. మర్నాటి రాత్రి ఎవరో బల్ల మీద తారు పూసేశారు. అది పెద్ద బాధ కాదు, బల్ల ఇంకోటి దొరుకుతుంది. మూడు వారాల పాటు ఆరు పంపుల్లో ఒక్కటీ మాట్లాడలేదు. ఆ మూడు వారాలే పత్తికి మందు జోరుగా కొట్టే రోజులు. నేను చేసిన ఫిర్యాదు సరైనదే. అయితే హెచ్చరిక కోసం ఇచ్చిన సమాచారాన్ని పట్టివ్వడానికి వాడుకున్నానని వాళ్లు అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఒక కట్టుబాటు చేసుకున్నాం. బల్ల మీద ఉన్నదేదీ ఫిర్యాదుకు వాడం, నిషేధిత మందు గురించి తెలిస్తే దుకాణం బిల్లుల దారినే పోతాం. పెద్దాయన, ఆ పురుగు నోటీసు ఆయనే, మధ్యవర్తిగా కూర్చున్నాడు.

ఇప్పుడు డ్రోన్లు కూడా వస్తున్నాయి. పైనుంచి చల్లేదే కాబట్టి 43వ నిబంధన గుర్తు చేసి పంచాయతీ మైకులో ముందురోజు చెప్పించాలని అడిగాం. ఆపరేటరు వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాడు. ఆ గ్రూపులో భూములున్నవాళ్లు ఉన్నారు.

ఇంకొక లోపం నాకు చాలా ఆలస్యంగా కనిపించింది. మొదటి రోజు వచ్చిన ఆ నలుగురూ ఈ ఊరివాళ్లు కారు. ఆరు కిలోమీటర్ల అవతలి తండా నుంచి ఆటోలో వచ్చి నేరుగా చేలో దిగే కూలీలు. మా బల్ల అప్పటికే ఉండి ఉన్నా వాళ్లకు కనిపించేది కాదు. ఆ సంగతి ఆటో డ్రైవరుతో అంటే, దారి కాస్త చుట్టయినా పొద్దున నీళ్ల ప్లాంటు మీదుగా తిప్పుతున్నాడు.

బదిలీకి ముందు ఒకసారి అక్కడ నిలబడి చూశాను. ఆటో ఆగింది. ఆ నాలుగో ఆమె కిందికి దిగకుండానే, "గుట్ట పక్కన పసుపా, నీలమా?" అని అడిగింది. డ్రైవరు పసుపు అన్నాడు. పసుపైతే పనికి వెళ్లడం మానేస్తారా అని నేను ఆమెను అడిగాను.

"మానేస్తే కూలి ఎవరిస్తారు సారూ? నీళ్ల డబ్బా ఆటోలోనే ఉంచుతాం. ఆ గట్టు పక్క చాళ్లు పొద్దు వాలాక తీస్తాం" అంది.